అరోరా రాని ఊరికి సౌర తుపాను కబురెందుకు?

ఒక సాయంకాలం అమరావతిలో అమరేశ్వరుడి గుడి దగ్గర, కృష్ణ ఒడ్డున, కొందరు విద్యార్థులతో మాట్లాడుతూ కూర్చున్నాను. వారిలో తొమ్మిదో తరగతి చదివే కుర్రవాడొకడు వాళ్ళ పిన్ని అమెరికా నుంచి పంపిన ఫోటో చూపించాడు. 2024 మే 10 రాత్రి తీసినదట. ఇళ్ళ కప్పుల మీద ఆకాశం నిండా ఎరుపు, ఆకుపచ్చ రంగుల తెరలు వేలాడదీసినట్లుంది. "మాస్టారూ, ఇది మన ఊళ్ళో ఎప్పుడు కనిపిస్తుందండీ?" అని అడిగాడు.

నేను జవాబు చెప్పేలోగానే పక్కన కూర్చున్న పెద్దాయన అందుకున్నాడు. "మనకెందుకు కనిపిస్తుందిరా అబ్బాయ్! అది చలిదేశాల సంబరం. మనకు రానిదాని ఊసు మనకెందుకు? పోయి లెక్కలు చేసుకో" అన్నాడు.

ఆ పెద్దాయన మాటలో సగం నిజం ఉంది. మిగతా సగం పొరపాటు. చదువుకున్నవాళ్ళలో కూడా చాలామంది ఇదే పొరపాటు చేస్తున్నారు. కనుక ఆ రెండు సగాలనూ విడదీసి చూద్దాం.

సగం నిజం

సూర్యుడి నుంచి మనకు వెలుగూ వేడీ వస్తాయని అందరికీ తెలుసు. వాటితోపాటు విద్యుదావేశం గల కణాలు, ముఖ్యంగా ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లు, ఎడతెగకుండా అన్ని వైపులకూ వస్తూంటాయి. దీనినే సౌరపవనం అంటారు. మామూలు రోజుల్లో ఇది సెకనుకు సుమారు 400 కిలోమీటర్ల వేగంతో వీస్తుంది. అప్పుడప్పుడు సూర్యుడి పై పొర నుంచి కోట్ల టన్నుల పదార్థం, తనలోని అయస్కాంత క్షేత్రంతో సహా, పెద్ద మేఘంలాగా ఊడివచ్చి అంతరిక్షంలోకి దూసుకుపోతుంది. ఆ మేఘం భూమివైపు వస్తే మన అయస్కాంత క్షేత్రాన్ని కుదిపివేస్తుంది. దానినే సౌర తుపాను అంటున్నాం.

ఆ కుదుపులో కొన్ని కణాలు భూమి అయస్కాంత బలరేఖల వెంట జారి ధ్రువాలకు చుట్టుపక్కల వాతావరణంలో పడతాయి. అక్కడి ఆక్సిజన్, నైట్రోజన్‌లను ఢీకొంటే ఆ వాయువులు వెలుగుతాయి. దుకాణం మీద నియాన్ బోర్డు వెలగడం లాంటిదే ఇదీను. నూరు కిలోమీటర్లకు కొంచెం పైన ఆక్సిజన్ ఆకుపచ్చగా వెలుగుతుంది. రెండు వందల కిలోమీటర్లు దాటాక అదే ఆక్సిజన్ ఎర్రగా వెలుగుతుంది. ఇదే అరోరా. మన పుస్తకాలలో ధ్రువకాంతి అని కూడా రాస్తారు.

తుపాను బలంగా ఉంటే ఈ కాంతి ధ్రువాల నుంచి కిందికి జరుగుతుంది. 2024 మేలో లడఖ్‌లోని హాన్లే ఖగోళ పరిశోధనాశాల కెమెరాలకు ఉత్తర దిక్కున ఎర్రటి కాంతి చిక్కింది. ఆకుపచ్చ కాంతి ఎందుకు చిక్కలేదు? భూమి గుండ్రన కనుక! దూరాన ఉన్న తాటితోపులో మొదళ్ళు కనబడకుండా తలలు మాత్రమే కనబడినట్లు, దిగంతానికి ఆవల ఉన్న అరోరాలో బాగా ఎత్తున ఉండే ఎరుపు భాగం మాత్రమే కనిపించింది.

అమరావతి అక్షాంశం ఉత్తరాన పదహారున్నర డిగ్రీలు. పైగా భూమి అయస్కాంత మధ్యరేఖ మన దేశపు దక్షిణపు కొనకు దగ్గరగా పోతుంది. అంటే అయస్కాంతపరంగా మనం భూమి నడుముకు మరీ దగ్గర. 1872 ఫిబ్రవరి 4 నాటి మహా తుపానులో బొంబాయిలో కూడా అరోరా కనిపించిందని ఆనాటి పత్రికలు రాశాయి. అలాంటివి నూరేళ్ళకు ఒకటో రెండో. అందుచేత మన ఊళ్ళో అరోరా కోసం రాత్రుళ్ళు కాపలా కాయడం దండగ. పెద్దాయన చెప్పినదాంట్లో ఇంతవరకూ నిజమే.

మిగతా సగం

పొరపాటెక్కడుందంటే, అరోరా కనిపించకపోతే తుపాను రానట్లే అనుకోవడంలో ఉంది. అరోరా అనేది సౌర తుపాను పెట్టే దీపం మాత్రమే. దీపం ధ్రువాల దగ్గర పెట్టినా తుపాను మొత్తం భూమినే తాకుతుంది.

సూర్యుడి మీద పెద్ద విస్ఫోటనం జరిగినపుడు ముందుగా వచ్చేది వెలుగు. అందులో ఎక్స్ కిరణాలు, అతినీలలోహిత కిరణాలు ఉంటాయి. వీటికి పట్టే కాలం ఎనిమిది నిమిషాల పైచిలుకు. ఇవి భూమికి పగలుగా ఉన్న వైపున అయనావరణాన్ని, అంటే ఎత్తులో విద్యుదావేశం గల పొరను, ఒక్కసారిగా మార్చివేస్తాయి. దాంతో ఆ పొర నుంచి పరావర్తనం చెందుతూ దూరాలకు పోయే షార్ట్‌వేవ్ రేడియో మూగబోతుంది. ఇది ఎక్కడ ఎక్కువ? సూర్యుడు నడినెత్తిన ఉన్నచోట! అంటే మనలాంటి ఉష్ణమండల ప్రాంతాలలో. అరోరా ధ్రువాల వాటా అయితే, ఈ మూగనోము మన వాటా.

2017 సెప్టెంబరు 6 న ఇలాగే జరిగింది. కరిబియన్ దీవుల మీద ఇర్మా అనే పెనుతుపాను విరుచుకుపడుతున్న రోజునే సూర్యుడి మీద పెద్ద సౌరజ్వాల లేచింది. సహాయ కార్యక్రమాలకు వాడే షార్ట్‌వేవ్ రేడియో సరిగ్గా అవసరమైన వేళ కొంతసేపు మొరాయించింది. తుపాను అన్న మాటకు అర్థం మన కోస్తావాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. రెండు తుపానులూ ఒకేసారి వస్తే ఏమవుతుందో ఊహించండి.

ఆ తరవాత ఒకటి నుంచి మూడు రోజులకు పదార్థపు మేఘం వస్తుంది. 1989 మార్చి 13 న కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో ఇలాంటి మేఘం వల్లనే విద్యుత్ వ్యవస్థ తొంభై సెకన్లలో కుప్పకూలింది. అరవై లక్షల మంది తొమ్మిది గంటలు చీకట్లో గడిపారు. 2022 ఫిబ్రవరిలో వచ్చినది చాలా చిన్న తుపాను. అయినా దాని వల్ల పై వాతావరణం వేడెక్కి ఉబ్బింది. అప్పుడే పంపిన 49 చిన్న ఉపగ్రహాలలో దాదాపు నలభై గాలి రాపిడికి వేగం తగ్గి, రాలి కాలిపోయాయి. ఇక 2024 మేలో, మీ పిన్నిలు, బాబాయిలు అమెరికాలో అరోరా ఫోటోలు తీసుకుంటూండగా, అదే దేశంలో మొక్కజొన్న విత్తే రైతులు తలలు పట్టుకు కూర్చున్నారు. జీపీఎస్ సాయంతో తిన్నగా చాళ్ళు వేసే ట్రాక్టర్లు దారి తప్పాయి. కొందరు విత్తడమే ఆపేశారు.

మన చేలల్లో కూడా ఇప్పుడు మందు కొట్టే డ్రోన్లు ఎగురుతున్నాయి. వాటికి దారి చూపేది ఇలాంటి ఉపగ్రహ సంకేతాలే. పైగా అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉన్న మన ఆకాశంలో సూర్యాస్తమయం తరవాత అయనావరణంలో బుడగల వంటివి లేస్తూంటాయి. వాటి గుండా వచ్చే జీపీఎస్ సంకేతాలు, నక్షత్రాలు మిణుకుమన్నట్లు, మిణుకుమంటాయి. తుపాను రోజుల్లో ఈ బుడగలు పెరగనూవచ్చు, తగ్గనూవచ్చు. తిరుపతి దగ్గర గాదంకిలో ఉన్న పెద్ద రాడార్‌తో మన శాస్త్రజ్ఞులు వీటిని పరిశీలిస్తున్నారు.

ఐతే ఒక మాట. భయపెట్టడం నా ఉద్దేశం కాదు. క్విబెక్‌లో జరిగినంత ప్రమాదం మన విద్యుత్ తీగలకు రావడం కష్టం. మనం ధ్రువాలకు దూరంగా ఉండడం ఈ విషయంలో మన అదృష్టం. 2024 మే తుపాను మనల్ని తాకినది మే 11 తెల్లవారుజామున. అప్పటికి మన మీది అయనావరణం పూర్తిగా పుంజుకోలేదు. అందువల్ల భారతదేశంలో ఇబ్బంది తక్కువని ఇస్రో చెప్పింది. కాని ప్రతి తుపానూ మనకు అనువైన వేళ చూసుకునే వస్తుందా?

ఇది మన శాస్త్రం కూడా

"ఇవన్నీ తెల్లవాళ్ళ చదువులు" అనేవాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. 1868 ఆగస్టు 18 న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. అది చూడడానికి జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఏరికోరి వచ్చిన ఊరు ఏది? అమరావతికి నలభై కిలోమీటర్ల లోపునే ఉన్న మన గుంటూరు! గ్రహణ సమయంలో సూర్యుడి అంచున ఎర్రగా లేచే జ్వాలలను ఆయన వర్ణపటదర్శినితో పరిశీలించాడు. ఆ జ్వాలలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వాటిని చూడవచ్చునని ఆయనకు తట్టింది. మర్నాడే చూశాడు కూడా. అంతవరకూ గ్రహణం పట్టిన కొద్ది నిమిషాలే కనిపించే సూర్యజ్వాలలను ఏ రోజైనా పరిశీలించే మార్గం అలా గుంటూరు గడ్డ మీద దొరికింది. అదే ఏడాది లాకియర్ ఇంగ్లండులో ఉండి, జాన్సెన్ సంగతి తెలియకుండానే, ఇదే మార్గం కనిపెట్టాడు.

అంతకు ముందు కథ మరొకటి ఉంది. 1859 సెప్టెంబరు 1 న ఇంగ్లండులో కారింగ్టన్ సూర్యమచ్చల బొమ్మ గీస్తూండగా వాటి మధ్య కళ్ళు మిరుమిట్లు గొలిపే వెలుగు మెరిసింది. పద్దెనిమిది గంటలైనా తిరగకముందే భూమిని మహా తుపాను తాకింది. ఉష్ణమండలం దాకా అరోరాలు కనిపించాయి. తంతి కార్యాలయాలలో నిప్పురవ్వలు లేచాయి. అప్పుడు బొంబాయిలోని కొలాబా పరిశోధనాశాలలో భూమి అయస్కాంతశక్తిని రోజూ కొలిచి రాసేవారు. ఇప్పటిలాగా యంత్రాలు వాటంతటవి గీసేవి కావు. మనిషి కూర్చుని కంటితో చూసి, చేత్తో అంకె వేయాలి. సెప్టెంబరు 2 న పగటివేళ వాళ్ళకు ఆకాశంలో ఏ రంగులూ కనిపించి ఉండవు. కాని అంకెలు ఒక్కసారిగా పడిపోయాయి. వాళ్ళు విసుక్కోకుండా రాసుకుంటూ పోయారు. ఆ తుపాను బలమెంతో 2003 లో శాస్త్రజ్ఞులు లెక్క కట్టినపుడు వాళ్ళకు అక్కరకు వచ్చినవి ఆ బొంబాయి అంకెలే. అప్పటికి అవి రాసి 144 ఏళ్ళయింది!

నిజానికి సౌర తుపాను బలాన్ని కొలవడానికి భూమి నడుముకు చేరువగా ఉన్న చోట్లే అనువైనవి. ధ్రువాల దగ్గర అరోరా విద్యుత్ ప్రవాహాల గందరగోళం ఎక్కువ. కొలిచే చోట నిశ్శబ్దం కావాలి. బొంబాయిలో కరెంటు ట్రాములు వస్తున్నాయని అయస్కాంత పరిశోధనాశాలను 1904 నాటికి అలీబాగ్‌కు మార్చారు. హైదరాబాదులో భూభౌతిక పరిశోధన సంస్థ వారు 1964 నుంచి ఇలాంటి కొలతలు తీస్తున్నారు. అక్కడ మెట్రో రైలు వస్తోందని తెలిసి చౌటుప్పల్‌లో మరో పరిశోధనాశాల పెట్టారు. అక్కడ ట్రాము, ఇక్కడ మెట్రో. కథ ఒకటే.

ఇక 2023 సెప్టెంబరు 2 న ఆదిత్య-ఎల్1 మన శ్రీహరికోట నుంచే బయలుదేరింది. కొలాబాలో అంకెలు పడిపోయిన తేదీ కూడా సెప్టెంబరు 2 యే. సరిగ్గా 164 ఏళ్ళు. ఇది కాకతాళీయమే అనుకోండి. 2024 జనవరి 6 న అది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడి వైపున ఉన్న ఎల్1 బిందువు చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. మన గుమ్మం ముందు కూర్చున్న కాపలాదారు అది.

అంచనా వేరు, జోస్యం వేరు

కాపలాదారు ఉన్నాడు కదా, మరి తుపాను ఎప్పుడొస్తుందో కచ్చితంగా చెప్పలేరా అని మీరడగవచ్చు. చెప్పలేరు. ఎందుకో మీరే చూడవచ్చు. రెండు కడ్డీ అయస్కాంతాలు తీసుకోండి. ఒక విధంగా దగ్గరకు తెస్తే అంటుకుంటాయి. ఒకదాన్ని తిప్పి పెడితే తోసుకుంటాయి. సూర్యుడి నుంచి వచ్చే మేఘంలోని అయస్కాంత క్షేత్రం దక్షిణ దిశగా ఉంటే అది భూమి క్షేత్రంతో కలిసిపోతుంది. తలుపు తెరుచుకుంటుంది. తుపాను లోపలికి వస్తుంది. ఉత్తర దిశగా ఉంటే తలుపు చాలామటుకు మూసే ఉంటుంది. ఆ దిక్కు ఏదో దూరం నుంచి చూస్తే సరిగ్గా తెలియదు. మేఘం ఎల్1 దగ్గరకు వచ్చి అక్కడి పరికరాలను తాకాకే తెలుస్తుంది. అక్కడి నుంచి భూమికి, సెకనుకు 500 కిలోమీటర్ల చొప్పున, ఎంతసేపు పడుతుందో లెక్కకట్టండి. యాభై నిమిషాలు! ఇంకా వేగంగా వస్తే అంతకూడా వ్యవధి ఉండదు. అంతకు ముందు చెప్పే రాక వేళలో సగటున పది గంటల అటూఇటూ తేడా వస్తుంది.

"ఇలాంటి అంచనా ఎందుకు కొరగాని"దని తోసేయకండి. 1977 నవంబరు 19 న దివిసీమ ఉప్పెనలో దాదాపు పదివేల మంది పోయారు. 1990 మేలో మన కోస్తాకు అంతటి బలమైన తుపానే వచ్చింది. పోయినవారు వెయ్యికి లోపు. సముద్రం దయ తలచిందా? లేదు. ఉపగ్రహం ముందే చూసింది, హెచ్చరిక ముందే అందింది, జనాన్ని ముందే తరలించారు. ఆ పదమూడేళ్ళలో పెరిగినవి అంచనా, దానిమీద నమ్మకం. సౌర తుపాను అంచనా ఇంకా తొలి మెట్ల మీదే ఉంది. దాన్ని పైకి ఎక్కించవలసినవాళ్ళు మీ వయసువాళ్ళే.

ఇక నాకు అసలైన దిగులు మరోచోట ఉంది. "ఈ రాత్రి పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా ఫోన్లు కట్టేయండి, విశ్వకిరణాలు భూమికి దగ్గరగా వస్తున్నాయి, పదిమందికీ పంపండి" అనే సందేశం మీ ఇంట్లో ఎవరి ఫోనుకైనా వచ్చే ఉంటుంది. ఏళ్ళ తరబడి అదే సందేశం తిరుగుతోంది. ఏ రాత్రి అన్నది అందులో ఉండదు, ఎందుకంటే అది ఏ రాత్రికైనా పనికిరావాలి. బలమెంతో ఉండదు. చెప్పినవారెవరో ఉండదు. మర్నాడు ఏమీ జరగకపోతే అడిగేందుకు మనిషి దొరకడు.

నిజమైన అంచనా ఇలా ఉండదు. ఫలానా తేదీన, ఫలానా వేళల మధ్య, ఇంత బలమైన తుపాను రావచ్చునని చెబుతుంది. బలానికి జి1 నుంచి జి5 దాకా మెట్లు ఉన్నాయి. 2024 మే తుపాను జి5. చెప్పినవారి పేరు కింద ఉంటుంది. తప్పు పోవచ్చునని కూడా వాళ్ళే చెబుతారు. తప్పని తేలే వీలున్న మాట అంచనా. తప్పని తేలకుండా జాగ్రత్తపడే మాట జోస్యం. పుకారుకు భయపడేవాడూ, "మనకెందుకు" అని పక్కకు తిరిగేవాడూ ఒకటే పని చేస్తున్నారు. ఇద్దరూ సరిచూడడం లేదు.

ఒక నోటుపుస్తకం చాలు

కనుక నా అభిప్రాయం ఇది. ప్రతి ఉన్నత పాఠశాలలోనూ ఒక సూర్యుడి పుస్తకం ఉండాలి. ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ఒక నోటుపుస్తకంలో నాలుగు గడులు గీయండి. మొదటిది తేదీ. రెండోది సూర్యమచ్చలు. మూడోది అంచనా చెప్పింది. నాలుగోది నిజంగా జరిగింది.

మచ్చలు చూడడానికి చిన్న టెలిస్కోపు ఉంటే మాస్టారి సమక్షంలో దాన్ని సూర్యుడి వైపు తిప్పి, కంటికి ఆనించకుండా, బింబాన్ని తెల్ల అట్ట మీద పడనివ్వండి. అట్ట మీద కనిపించిన మచ్చలను పెన్సిలుతో గీయండి. సూర్యుణ్ణి మాత్రం ఎన్నడూ నేరుగా చూడకండి. టెలిస్కోపు గుండా అసలే వద్దు. మసి పూసిన గాజు, ఎక్స్‌రే ఫిల్ము కంటిని కాపాడవు. టెలిస్కోపు లేకపోతే పరిశోధనాశాలలు రోజూ ప్రకటించే సూర్యుడి బొమ్మ చూసి గీసుకోండి.

నాలుగు రోజులు గీసేసరికే మచ్చలు పక్కకు జరుగుతున్నట్లు తెలుస్తుంది. సూర్యుడు తన చుట్టూ తాను తిరుగుతున్నాడన్నమాట. సుమారు 27 రోజులకు అవే మచ్చలు, చెదరకుండా ఉంటే, మళ్ళీ మన ముందుకు వస్తాయి. 2024 మేలో తుపాను రేపిన మచ్చల గుంపు వెడల్పు భూమి వ్యాసానికి పదిహేను రెట్లు. అదే గుంపు ఆ నెలాఖరుకు తిరిగి ఇటు వచ్చింది. పుస్తకం రాసేవాడికి ఇది పాఠం కాదు, తాను చూసిన సంగతి.

ఆరు నెలల తరవాత మూడో గడిని, నాలుగో గడిని సరిపోల్చండి. అంచనా ఎన్నిసార్లు నిలిచింది? ఎన్నిసార్లు తప్పింది? తప్పినపుడు ఎక్కువ చెప్పిందా, తక్కువ చెప్పిందా? శాతం కట్టండి. పెద్దాయన చేసుకోమన్న లెక్కలు ఇవే! మీ ఊరి వాన కబురుకు, పత్తి ధర కబురుకు, ఎన్నికల కబురుకు కూడా ఈ నాలుగు గడులూ పనికివస్తాయి.

"మన ఊళ్ళో ఎప్పుడు కనిపిస్తుంది?" అని అడిగిన కుర్రవాడికి చివరకు నేను చెప్పింది ఇదే. రంగులు బహుశా కనిపించవు. కాని అంకెలు తప్పకుండా కనిపిస్తాయి. 1859 లో కొలాబాలో కూర్చుని అంకెలు వేసినవారు కూడా అరోరాను చూడలేదు. చూసినవారు మురిసిపోయి ఊరుకున్నారు, వీళ్ళు రాసిపెట్టారు. మీరూ ఇవాళే ఒక పుస్తకం తెరిచి మొదటి గడిలో తేదీ వేయండి.